గడియ అటు, నేను ఇటు

హలో… ఆ, నేనేనే అక్కా. నా ఫోన్ ఇంకెవరెత్తుతారు… చెప్పు చెప్పు.

…పనా? నెత్తి మీద కొండంత ఉంది. రేపే కదా ఎగ్జిబిషన్. ఫ్రేములాయన ఇక్కడే నేల మీద చతికిలపడి మేకులు కొడుతున్నాడు. ఆ చప్పుడే నీకు వినిపిస్తున్నది… పరవాలేదు, నువ్వు మాట్లాడు. నువ్వు ఫోన్ చెయ్యడమే గొప్ప.

అదేంటే, గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది?… ఓహో, స్పీకర్‌లో పెట్టావా. అంటే శ్రీవారు పక్కనే ఉన్నారన్నమాట.

నమస్కారం బావగారూ!… బాగున్నానండీ… అయ్యో, మీ ఆవిడని నేనేం ఎత్తుకుపోనులెండి, తనే చేసింది ఫోను… మరి? ఉన్నది ఒక్క మరదలు. ఈ మాత్రం వేళాకోళం భరించకపోతే ఎలా?

…అవునవును, అంతా మీ చలవే. ఆ రోజు మీరు లైట్ స్టాండు పట్టుకోకపోతే మీ మేడ మీద ఒక్క ఫొటో అయ్యేది కాదు. జీతమిచ్చి పెట్టుకున్నవాళ్ళకి కూడా అంత ఓపిక ఉండదు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఒక్క క్షణం మమ్మల్ని వదల్లేదు మీరు. అమ్మతో చెప్తే మురిసి ముక్కలైంది. అమ్మ సంగతి తెలిసిందేగా… మీ పేరెత్తితే చాలు, బంగారం, బంగారం అంటుంది. కన్నకూతుర్ని నన్ను మాత్రం ఎప్పుడూ అలా అన్న పాపాన పోలేదు.

సరే అక్కా, పొద్దున పంపినవి చూశావా?… ఊఁ… ‘బాగున్నాయి’ అని తేల్చేస్తే ఊరుకోను. నీ పాట అది. నువ్వు కట్టి, నువ్వు పాడి, ‘దీనికి బొమ్మలు తియ్యవే చిట్టీ’ అని నువ్వే పంపావు. నెల రోజులు నిద్రాహారాలు మాని తీశాను. వరసగా చెప్పు. మొదటిది?

కిటికీది… ‘కిటికీలో ఆకాశం అరచేతంత’… ఆ, అదే. మీ మేడ మీద గదిలో కిటికీకి చెక్కలు కొట్టి ఉన్నాయి చూడు, వాటి సందులోంచి తీశాను. వెలుతురు పడితే నీకు తలనొప్పి అని కొట్టించారటగా బావగారు. నాకు మాత్రం భలే కలిసొచ్చింది. చీకటి గది, అరచేతంత నీలం… చూసినవాళ్ళందరూ దాని ముందే ఆగిపోతున్నారు.

రెండోది చెప్పులు. ‘చెప్పులు నావి అటకెక్కి కూచున్నాయి’… నిజంగానే అటక మీద దొరికాయి కదే! నేను ఏర్పాటు చేసుకునే పని కూడా లేకపోయింది. వాటి మీద దుమ్ము కూడా తుడవలేదు నేను… ఆ, అలాగే ఉంచా.

మూడోది నీ మొహం. ‘ఎవరైనా వస్తే నవ్వు తొడుక్కుంటా’… ఆ నవ్వు ఎలా నవ్వావే తల్లీ. ఒకటి, రెండు, మూడు అనగానే వచ్చేసింది. నాటకాల్లోకి వెళ్ళాల్సినదానివి.

…ఏంటా ఈడ్చుతున్న చప్పుడు? బీరువా జరుపుతున్నారా?

…ఏంటి?

…ఎవరు, మీరా? ఎప్పుడు?

ఇవాళా!

అదేంటక్కా, ఉన్నట్టుండి… ఊరు మారడమంటే కూరగాయలకి వెళ్ళొచ్చినట్టా? ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా… మరి రేపు? రేపు ఎగ్జిబిషన్‌కి రావా?… రావు. నీ పాటకి నువ్వే రావు. బాగుంది.

బావగారూ, ఇదేం అన్యాయమండీ?… ఉద్యోగం సరే, ఒక్క రోజు ఆగితే కొంప మునుగుతుందా?… బండి వచ్చేసిందా… ఊఁ… ఎంత దూరం?… ఫోన్ అందదా అక్కడ?… మరి మాట్లాడాలంటే?… వీలున్నప్పుడు మీరే చేస్తారా. మీ ఫోన్ నుంచి… ఊఁ… అమ్మకి చెప్పారా?… వెళ్ళాక చెప్తారా.

లేదండీ, కోపమేం లేదు. కోపమొచ్చినా ఏం చేస్తాను. ఉన్న ఊళ్ళోనే, వంతెన దాటితే ఇల్లు, మూడు పండగలకి ఒకసారి చూసుకునేవాళ్ళం. ఇప్పుడు అదీ లేదు. అంతేగా.

…చెప్పక్కా… ఆ, వింటున్నా… తలుపు ఫొటోనా? నాలుగోది. అది నాకు అన్నిటికన్నా ఇష్టమైనదే. దానికేమైంది?

…ఏది లేదు?

గడియా?

ఓ, అదా! అది తీసేశానే. అంటే కంప్యూటర్లో చెరిపేశా. పాతకాలం తలుపు, పెచ్చులూడిన రంగు, ఎంత అందంగా ఉంది! దాని మీద ఇంత లావు కొత్త స్టీలు గడియ, తళతళా మెరుస్తూ. చూపంతా దాని మీదకే పోతోంది. కంట్లో నలుసులా ఉందని, కూర్చుని ఓపిగ్గా తీసేశా. అక్కడ గడియ ఉండేదని ఇప్పుడు దేవుడు కూడా కనిపెట్టలేడు. నా పనితనం అలాంటిది మరి…

…అక్కా?

ఉన్నావా?

…ఎందుకు తీసేశానంటే… చెప్పానుగా, బాగాలేదని… ‘పాటలో పెట్టానుగా’ అంటావేంటి? పాటలో ఉంటే ఉంది, అది వియోగం కదా. ప్రియుడు అటు, ప్రియురాలు ఇటు. నేనలాగే అనుకున్నా. ‘గడియ అటు, నేను ఇటు’… దానికి నిజం గడియ ఎందుకే, మూసిన తలుపు చాలు కదా…

…ఉండు. అసలు ఫొటో ఉంది నా దగ్గర, చెరపకముందుది. తెరుస్తున్నా. అంతగా కావాలంటే అదే ప్రింటు వేయిస్తాలే, దానికింత… ఆ, వచ్చింది.

గడియ… ఇదిగో… కుడివైపు…

ఇది మెట్ల మీద నుంచి కదా తీశాను నేను.

…మెట్ల మీద నుంచి.

అక్కా. ఇది నీ గదే కదా. నువ్వు పడుకునే గది.

మరి గడియ ఇటు…

…

ఆఁ! ఏం లేదు బావగారూ, ఉన్నానండీ, ఉన్నాను! లైన్లోనే ఉన్నా. ఈ వార్నిష్ వాసన ఒకటి, గొంతు పట్టేసింది… ఊఁ. ఊఁ… గడియ గురించేనండీ, ఫొటోలో లేదని అక్క బాధపడుతోంది… అవునా?… నిద్రలో నడుస్తుందా! మాకెప్పుడూ చెప్పలేదే… మెట్ల మీద నుంచి పడుతుందని పెట్టించారా… నిజమే… నిజమేలెండి, అంతకంటే ఎవరేం చేస్తారు. చిన్నప్పుడంతా ఒక్క మంచం మీదే పడుకున్నాం, కదిలేది కూడా కాదు… అదే, పెళ్ళయ్యాక వచ్చుంటుంది. వస్తాయట అలాంటివి… అమ్మకి చెప్పనులెండి. కంగారు పడుతుంది పాపం.

అక్కా, వినబడుతోందా? చూడు, నువ్వు వెళ్ళిపోతున్నావు కాబట్టి ఫొటోల సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. మళ్ళీ ఎప్పటికి దొరుకుతావో… రెండే నిమిషాలు బావగారూ, ఫ్రేములాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు… థాంక్సండీ.

నేనడుగుతా, నువ్వు ముక్తసరిగా చెప్పు చాలు. కిటికీ ఫొటో… ఆ చెక్కలు ఉంచనా, తీసేయమంటావా?… తీసెయ్యాలి. సరే.

చెప్పులు… అటక మీదే ఉండనిస్తావా, కిందకి దించమంటావా?… దించాలి. ఊఁ.

తలుపు. మూసి ఉన్నదీ తీశాను, తెరిచి ఉన్నదీ తీశాను. నీకేది కావాలి?

…తెరిచినది.

…అక్కా, ఏడవకు. ఏడుపెందుకే, ఫొటోలకి ఎవరైనా ఏడుస్తారా… ఊరు వదిలి వెళ్తోంది కదా బావగారూ, ఆ మాత్రం ఉంటుంది. మీరేం అనకండి.

ఇంకొక్కటే. ఆఖరి చరణం. ‘సామాను బండెక్కిందా, నన్నిక వెతకొద్దు’… ఖాళీ బండి ఫొటో. దాన్ని… దాన్ని రేపు పెడితే సరిపోతుందా? ఇవాళే పెట్టాలా?

…ఇవాళే.

ఇవాళ ఎప్పుడు?

…ఇప్పుడే. సరే. సరే అక్కా, నాకర్థమైంది.

…వరస అర్థమైందంటున్నా బావగారూ, ఫొటోల వరస. అక్క చెప్పినట్టే పెట్టేస్తా… ఒక్క క్షణం ఉండండి, ఫ్రేములాయన ఏదో అడుగుతున్నాడు. పెట్టెయ్యకండి, మీతోనే ఒక మాట ఉంది—

— అయ్యా, మీరేం మాట్లాడకండి. ఫోన్ చేత్తో మూసి పట్టుకున్నా. మీ వ్యాను తియ్యండి… మా అక్క ఇంటికి. చెప్తాను, దారిలో చెప్తాను. మీ ఫోన్లోంచి పోలీసులకి చెయ్యండి. మనిషిని గదిలో పెట్టి బయట గడియ వేస్తున్నారు, ఇవాళ ఊరు దాటిస్తున్నారు అని చెప్పండి. ఇంటి గుర్తులు అదిగో, ఆ కాగితం మీద… సుత్తి కూడా తెచ్చుకోండి. ఆ పెద్దది—

ఆ, బావగారూ! సారీ అండీ. ఇతనొకడు, ప్రతిదానికీ నన్ను అడగాల్సిందే. గాజు పెట్టాలా, అట్ట పెట్టాలా అని… ఏం లేదు, మీతో మాటేంటంటే, రేపు ఎగ్జిబిషన్‌లో మీ గురించి కూడా నాలుగు ముక్కలు చెప్దామని. ఇల్లు ఇచ్చారు, లైటు పట్టారు, పాట బాగుందని ముందు అన్నది కూడా మీరేనట కదా, అక్క చెప్పింది. ‘ఏదో పాటలు కట్టుకుంటోంది, మంచిదేగా’ అన్నారట…

…హారనా? బయటికొచ్చానండీ, లోపల వార్నిష్ వాసనకి ఊపిరాడక. వీధంతా బళ్ళే… ఊఁ. చెప్పండి. పాటలో మీకే చరణం నచ్చింది?… చెప్పండి చెప్పండి, రాసుకుంటున్నా… నవ్వుదా. ‘నవ్వు తొడుక్కుంటా’. ఎందుకని?… మీకోసమే నవ్వుతుంది కాబట్టి.

…రాసుకున్నానండీ.

అక్కేది? మాట వినబడటం లేదు… అలిసిపోయిందా? ఒక్కసారి ఇవ్వండి, ఇంకొక్క చిన్న సాయం కావాలి. పాట మళ్ళీ ఒక్కసారి పాడి వినిపించమనండి, ఫోన్లోనే రికార్డు చేసుకుంటా. రేపు అక్కడ వినిపించాలి. పాతదాంట్లో చివర ఒక చప్పుడు పడింది. టక్ అని. పాట అవగానే ఒకటే, టక్. వేలితో బల్ల మీద దరువేసిందనుకున్నా నేను. బాగానే ఉంది అని ఉంచేశా కూడా…

…సామాను ఎక్కించేశారా అప్పుడే?… కాదులెండి, ఒక్క పాట ఎంతసేపు. మొదటి చరణం చాలు… మొదటి మాట చాలు బావగారూ…

…పైకి వెళ్ళిందా?

ఇప్పుడే కదా నాతో మాట్లాడింది! బయల్దేరే ముందు పడుకోవడమేంటండీ? బండి వాకిట్లో పెట్టుకుని…

— ఎడమవైపు, ఎడమవైపు! వంతెన దిగగానే. ఎర్రలైటు చూడకండి, పోనివ్వండి—

…ఎవరితోనా? ఆటోవాడండీ. దారికడ్డం పెట్టాడు. చెప్పండి, మీరేమంటున్నారు… ఫోన్ పెట్టేస్తారా? పెట్టెయ్యకండి. ఎంతైనా మరదల్ని, మళ్ళీ ఎన్నాళ్ళకో… మీరు మెట్లెక్కుతున్నారా? ఆయాసం వినిపిస్తోంది. ఎక్కండి ఎక్కండి, నేను లైన్లోనే ఉంటా. మీ మెట్లు నాకు బాగా గుర్తే. మలుపులో ఒకటి కిర్రుమంటుంది… ఆ, అదే.

…బావగారూ? ఏంటి, మాట్లాడరేం?

అక్కా! అక్కా, వినబడుతోందా? నేనే…

…

ఆ చప్పుడేంటి?

ఇప్పుడు… ఇప్పుడు టక్‌మంది, అదేంటి?

…మేకు కాదు. మేకుల చప్పుడు నాకు తెలుసు, రెండు రోజులుగా చెవిలో అదే మోగుతోంది. పెట్టె మూత కూడా కాదు. బావగారూ, ఆ చప్పుడు నేను నెల నుంచి వింటున్నాను. ఫొటోలు దిద్దుకుంటూ, చెవుల్లో ఆ పాట పెట్టుకుని, అయిపోగానే మళ్ళీ మొదటికి… ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. గడియ చెరిపేసేటప్పుడు కూడా అదే వింటున్నాను. నా చేతులు విరిగిపోను. పాట అవగానే వచ్చి వేసేది మీరేనా?

…లేదు, నాకు మతి బాగానే ఉంది.

…అక్క ఆరోగ్యం గురించి మీరు నాకు చెప్పకండి. ఎన్నేళ్ళు చెప్పారు? తలనొప్పి అన్నారు, నీరసం అన్నారు, జనాన్ని చూస్తే భయం అన్నారు. మీరు చెప్పింది చెప్పినట్టు నమ్మాం, తోకలూపుకుంటూ. లైటు కూడా మీచేతే పట్టించానే… సరిగ్గా ఆ గడియ మీదకే పట్టారు మీరు, భయం లేకుండా! ఎందుకుంటుంది భయం. ఈ మొద్దు మొహానికి కనబడదని తెలుసు.

— ఇక్కడే, ఇక్కడే ఆపండి. లారీకి అడ్డంగా పెట్టండి. ఇంకా ముందుకి. అది కదలకూడదు… డ్రైవరుగారూ, మీకు దణ్ణం పెడతాను, బండి తియ్యకండి. పోలీసులు వస్తున్నారు. మీ తప్పేం లేదు, మీరు దిగి ఇలా రండి చాలు—

…ఎక్కడున్నానా? కిందకి చూడండి.

ఆ, నేనే. చెయ్యి ఊపుతున్నా కదా. మీరు నవ్వు తొడుక్కోకండి, ఇక్కణ్ణుంచి ఏం కనబడదు.

తలుపు తియ్యండి బావగారూ.

…వెళ్ళిపోయిందా? ఎప్పుడు?… వేరే కారులోనా. ఎవరితో?… మీ స్నేహితుడితో. ముందే పంపించేశారు. ఊఁ. ఇందాక పైన పడుకుందన్నారు. పడుకుని, లేచి, కారెక్కి, ఊరు దాటేసింది. నేను వంతెన దాటేలోపు.

మరి చెప్పుల్లేకుండా వెళ్ళిందా?

…ఇదిగో ఇక్కడ, లారీలో, అన్నిటికన్నా పైన అట్టపెట్టె. మూత తెరుచుకునుంది. అక్క చెప్పులు. దుమ్ము కూడా అలాగే ఉంది, నేను ఫొటో తీసినప్పటి దుమ్ము. కారుదాకా ఉత్త కాళ్ళతో నడిచిందా అక్క?

…అరవకండి. అరిస్తే వీధి వినదా? వినాలనే నేనూ అరుస్తున్నా. అక్కా! అక్కా, నేనేనే, చిట్టిని! కిటికీ దగ్గరికి రా… సందులోంచి చెయ్యి పెట్టు, అరచెయ్యి పట్టే సందుంది కదా అక్కడ…

…సందేది?

ఆ సందేది బావగారూ? మొన్నటిదాకా ఉంది. నా ఫొటోలో ఉంది. అక్కడ కొత్త చెక్క ఉంది. రంగు కూడా వెయ్యని చెక్క. ఎప్పుడు కొట్టారది? పొద్దున నేను ఫొటో పంపాకా? ఆకాశం బాగుందని అక్క అందా మీతో?

…

అక్కా! పాట ఎత్తుకోవే! ఒక్క మాట… ‘కిటికీలో’ అను చాలు… తలుపైనా కొట్టు… గోడైనా…

…ఎందుకు పలకదు?

ఎందుకు పలకడం లేదు బావగారూ? ఏం చేశారు? ఇందాకటిదాకా మాట్లాడింది కదా నాతో. ‘తెరిచినది’ అని చెప్పింది కదా… ఏం చేశారు?

…సరే. తియ్యరు. సరే.

మీరు ఫోన్ పెట్టేసినా పెట్టెయ్యకపోయినా ఒక్క మాట వినండి. గడియ ఉన్న ఫొటో నా దగ్గర ఉంది. దారిలోనే అందరికీ పంపాను, అమ్మకి కూడా. మీ ఇంటి తలుపు, మీ గడియ, దాని మీదకి లైటు పట్టుకున్న మీ చెయ్యి కూడా ఆ మూల కాస్త పడింది. దాన్ని కూడా చెరిపాను మొదట్లో. ఇప్పుడు అన్నీ ఉన్నాయి.

నేను కట్ చెయ్యను. ఫోన్ ఇక్కడ మీ వాకిలి మెట్టు మీద పెడుతున్నా. మీరు చెవి దగ్గరే పెట్టుకోండి. ఈసారి మీకు వినిపించేది గడియ చప్పుడు కాదు.

అక్కా, తలుపుకి దూరంగా జరుగు. వింటున్నావా… దూరంగా జరగవే…

— కొట్టండి.